కొన కనిపించని బొమ్మ

మేనకోడలు కాగితాన్ని బల్ల మీద పరిచి, పక్కన పెన్ను పెట్టింది. మూత తీసి మరీ పెట్టింది.

"ఒక్క సంతకం అత్తా. టీ మరిగేలోపు అయిపోతుంది."

"టీ ఎవరు పెడుతున్నారు?"

"నువ్వే. నా చేతి టీ తాగితే సంతకం సంగతి అటుంచు, మళ్లీ గుమ్మం ఎక్కనివ్వవు."

అత్త నవ్వి స్టవ్ వెలిగించింది. ఆమెకు అరవై ఒకటి. ముప్పై ఒక్క ఏళ్లు గుండె స్కానింగులు తీసి, నాలుగేళ్ల కిందట పని మానేసింది. రోగులు ఆమెను స్కానమ్మ అనేవారు. ఆ పేరు క్లినిక్కు దాటి వీధిలోకి వచ్చింది. ఇప్పుడు కూరగాయల బండి అతను కూడా అలాగే పిలుస్తాడు. మేనకోడలికి ఇరవై రెండు. ఆ పిల్లను అందరూ పిడుగు అంటారు. నడక కుదరకముందే నిచ్చెన ఎక్కబోయిందని వాళ్ల నాన్న పెట్టిన పేరు.

ఆ నాన్న స్కానమ్మకు అన్న. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పిడుగుకు మూడేళ్లప్పుడు ఒక తాళాల దుకాణానికి బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు నలభై నాలుగు.

పిడుగు అగ్నిమాపక దళంలో చేరబోతోంది. రాత పరీక్ష, పరుగు, తాడు ఎక్కడం దాటింది. వైద్య పరీక్ష దగ్గర ఆగింది. ఈసీజీలో గీత పైకి లేవాల్సిన చోట కిందికి దిగింది. గుండె డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది. గోడల మందం హద్దుల్లోనే ఉంది. కొన దగ్గర మాత్రం బొమ్మ సరిగా రాలేదు. రోజూ పరుగెత్తేవాళ్ల గుండె ఒక్కోసారి ఇలా ఉంటుంది. గుండె కండరం మందమయ్యే జబ్బు ఉన్నా ఇలాగే ఉంటుంది. తేల్చాల్సింది ఎమ్మారై. దానికి ఆరు వారాలు ఆగాలి. శిక్షణ తొమ్మిది రోజుల్లో మొదలవుతుంది.

"మీ ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్లలోపు హఠాత్తుగా పోయారా?" అని డాక్టరమ్మ అడిగింది. నాన్న పడి పోయాడని, అంతకు రెండు నెలల ముందే అత్త స్కానింగ్ తీసి గుండె బాగుందని చెప్పిందని పిడుగు చెప్పింది. ఆ మాటే అత్తగారు రాసిస్తే శిక్షణకు పంపుతానని, వంతు వచ్చినప్పుడు ఎమ్మారై చేద్దామని డాక్టరమ్మ అంది. లేదంటే ఎమ్మారై అయ్యేదాకా మెట్లు కూడా పరుగెత్తి ఎక్కకూడదు. ఈ విడత తప్పితే మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో ఎవరికీ తెలియదు.

కాగితం మీద మూడు వాక్యాలున్నాయి. పిడుగు టైపు చేయించుకొచ్చింది. స్కానమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"తేదీ ఖాళీగా ఉందేం?"

"నీకు గుర్తుంటుంది కదా అని."

"నెల గుర్తుంది. తేదీ లేదు."

"ఏదో ఒకటి వెయ్యి అత్తా. ఆ క్లినిక్కే ఇప్పుడు లేదు. ఎవరొచ్చి చూస్తారు?"

"ముప్పై ఒక్క ఏళ్లలో తేదీ లేని బొమ్మ ఒక్కటి తీయలేదు నేను. రేపు రా. చూసి వేస్తాను."

"ఎక్కడ చూస్తావు?"

"ఉందిలే ఒకచోట."

పిడుగు పెన్నుకు మూత పెట్టింది. "పెద్దవాళ్లతో పని పెట్టుకుంటే తొమ్మిది రోజులు తొంభై అవుతాయి" అని సణిగి, టీ తాగి, రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయింది.

*

ఆ క్లినిక్ ఒక మందుల షాపు పైన ఉండేది. ముందు గది, వెనక గది. ముందు గదిలో రిజిస్టరు, ఈసీజీ. వెనక గదిలో స్కానింగ్ మిషన్. అది బీరువా అంత ఉండేది. మెట్ల మీంచి పైకి చేర్చడానికి ఆరుగురు పట్టారు. అది వచ్చిన రోజు అన్న కూడా ఒక చెయ్యి వేశాడు. చెయ్యి వేసినందుకు కూలి అడగకుండా తలుపు మీద బోర్డు రాస్తానన్నాడు.

గుండె పరీక్షల గది అని రాసి, పక్కన పేక ముక్క మీద ఉండే గుండె వేశాడు. పెద్ద డాక్టరు చూసి, "గుండె ఇలా ఉండదయ్యా" అన్నాడు. అన్న ఆయన దగ్గరే పుస్తకం అడిగి తీసుకుని, రెండు రోజులు కూర్చుని, నరాలతో సహా అసలు గుండె వేశాడు. వారంలో ఇద్దరు రోగులు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయారు. మూడో వారం మళ్లీ పేక ముక్క గుండె వచ్చింది. "జనానికి కావాల్సింది గుండె కాదు డాక్టరుగారూ, ధైర్యం" అన్నాడు అన్న. పెద్ద డాక్టరు ఆ మాట చాలాకాలం వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

స్కానమ్మ అక్కడ రిజిస్టరు రాయడానికి చేరింది. చేతి రాత కుదురుగా ఉందని, చేతిలో వణుకు లేదని పెద్ద డాక్టరు ఆమెను వెనక గదిలోకి తెచ్చాడు. మొదటి మూడు నెలలు తన గుండె మీదే నేర్పాడు. చొక్కా విప్పి పడుకుని, తెర వైపు చూడకుండానే చెప్పేవాడు. "ఇప్పుడు పక్కటెముక మీదున్నావు. ఒక వేలు కిందికి దిగు." గుండె కొనను చూపించే బొమ్మ అన్నిటికంటే కష్టం. దాని గురించి ఆయన చెప్పింది ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది. గుండె పిండుకున్నప్పుడు అడుగుభాగం కొన వైపు వస్తుంది. కొన మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తెర మీద కొన ఎగురుతోందంటే చూస్తున్నది కొన కాదు. బొమ్మ గుండెను ఏటవాలుగా కోసిందని, కనిపిస్తున్నది దాని పక్క గోడ అని అర్థం.

కొన దగ్గరికి చేరడానికి పెద్ద ఆసుపత్రుల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. మంచానికి రొమ్ము కింద ఒక ముక్క తీసేసి ఉంటుంది. ఆ ఖాళీలోంచి చెయ్యి పెడితే కింది నుంచి కొన అందుతుంది. ఈ క్లినిక్‌లో ఉన్నది మామూలు చెక్క మంచం. వచ్చే వారం వడ్రంగిని పిలిపించి కోయిద్దామని పెద్ద డాక్టరు ఏళ్ల తరబడి అంటూనే ఉన్నాడు. అందుకని స్కానమ్మ రోగిని మంచం అంచుకు జరిపి, ఎడమ రొమ్ము బయటికి వేలాడేలా పడుకోబెట్టి, తను నేల మీద మోకాళ్లూని కింది నుంచి చూసేది. ఒక్కొక్కరికి పది నిమిషాలు ఎక్కువ పట్టేది. తప్పదు. సాయంత్రం ఆరింటికి పెద్ద డాక్టరు టీ గ్లాసుతో కూర్చుని ఆ రోజు స్కానింగులు ఎక్కించిన వీడియో టేపులన్నీ చూసేవాడు. కొన రాకపోతే మర్నాడు రోగిని మళ్లీ పిలిపించేవాడు.

రిజిస్టరులో ఉన్నవాళ్ల సంగతి అది. ఒంటి గంట నుంచి రెండింటి దాకా చుట్టాల వేళ. ముందు గదికి తాళం పడేది. పిన్నులు, బాబాయిలు, పక్కింటివాళ్లు వెనక మెట్ల మీంచి వచ్చేవారు. రిజిస్టరు లేదు, ఈసీజీ లేదు. అంచుకు జరగడాలు లేవు. స్కానమ్మ తన టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, సంచిలోంచి పాత టేపు తీసి పెట్టి, ఐదారు నిమిషాల్లో చూసి పంపేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ గంటసేపు మాత్రం ఈ చెట్టు చుట్టాలందరికీ పనికొచ్చేది. పెద్ద డాక్టరుకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. ఆ టేపులు సాయంత్రం ఆయన ముందుకు వచ్చేవి కావు.

అన్న అలా ఒక మధ్యాహ్నం వచ్చాడు. నాలుగో మెట్టు ఎక్కేసరికి ఊపిరి అందడం లేదన్నాడు. గోళ్లలో ఎర్ర రంగు ఉంది. ఆరు నిమిషాలు చూసి, "బంగారం లాంటి గుండె. సిగరెట్లు మానెయ్" అంది. సిగరెట్లు మానలేదు కానీ, బంగారం లాంటి గుండె అని వీధంతా చెప్పుకున్నాడు.

రెండు నెలల తర్వాత పడ్డాడు. తాళాల దుకాణం అతను చూసింది చూసినట్టు చెప్పాడు. ముందు కుంచె పడింది, తర్వాత మనిషి పడ్డాడు. పడేటప్పుడు చేతులు చాపలేదు. ఆ మాటను ఎవరూ పట్టుకోలేదు. గుండె బాగుందని సొంత చెల్లెలే చూసి చెప్పింది. నిచ్చెన మీద కాలు జారిందన్నారు. స్కానమ్మ కూడా అలాగే అంది.

ఆ టేపు ఆమె దగ్గరే ఉండిపోయింది. క్లినిక్ టేపుల మీద మళ్లీ మళ్లీ కొత్తవి ఎక్కించేవారు. ఇది సంచిలోది కాబట్టి మిగిలింది. మిషన్‌కు ఒక మైకు ఉండేది. పెద్ద డాక్టరు గుర్తులు చెప్పుకోవడానికి పెట్టించుకున్నాడు. ఆ రోజు దాన్ని ఆపడం ఆమె మరిచిపోయింది. అందుకని అన్న గొంతు టేపులో ఉంది.

ఏడాదికి మూడు నాలుగు సార్లు ఆమె ఆ టేపు పెట్టుకునేది. పాత వీసీఆర్‌కు వెనక రెండు వైర్లు. తెల్లది శబ్దానికి, పసుపుది బొమ్మకు. తెల్ల వైరును రేడియో పెట్టెకు తగిలించింది. పసుపు వైరును చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. బొమ్మతో ఆమెకు పని లేదు. అలాంటివి వేలు చూసింది. గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ వినేది. ప్రతి మాటా నోటికి వచ్చు.

"ఏం కనబడుతోంది? మీ వదినేమైనా ఉందా లోపల?"

"ఉంది. నిన్ను చీవాట్లు పెడుతోంది."

"అయితే మిషన్ బాగానే పనిచేస్తోంది. ఏదీ, చూడనీ."

మంచం కిర్రుమంటుంది. అప్పుడు ఆమె గొంతు. "కదలకు అన్నా, బొమ్మ పోతోంది. వెనక్కి జరుగు." మళ్లీ మంచం. ఆ తర్వాత ఆయన ఎవరో బోర్డులో ఒక అక్షరం ఎక్కువ రాయించుకుని, దానికి విడిగా లెక్క కట్టొద్దని బతిమాలిన కథ చెబుతాడు. అక్కడ ఆమె ప్రతిసారీ నవ్వేది.

*

తేదీ గొంతులో లేదు. బొమ్మ మీద, కుడి మూల ఉంటుంది.

స్కానమ్మ రబ్బరు బ్యాండు తీయబోతే అది తెగింది. హాల్లో ఉన్న టీవీ వెనక తడిమి చూసింది. పసుపు రంగు చిల్లు ఉంది. తగిలించి, టేపు వేసింది. తెర నీలంగా ఉండి, ఒకసారి వణికి, బొమ్మ వచ్చింది. కుడి మూలన తేదీ. కాగితం మీద ఖాళీలో ఆ అంకెలు వేసింది. పని అయిపోయింది.

టేపు మాత్రం ఆపలేదు. తెర మీద అన్న గుండె కొట్టుకుంటోంది. మనిషి పోయి పంతొమ్మిదేళ్లయింది. స్కానమ్మ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది.

గుండె చూడడానికి కూర్చుంది, ఒక నిమిషం కాగానే పనిలో ఉన్నట్టు బొమ్మను పరీక్షించసాగింది. అది కంటికి పట్టిన అలవాటు, మాన్పించేవాళ్లు లేరు. కవాటాలు బాగున్నాయి. నడిమి గోడ పదకొండు మిల్లీమీటర్లు ఉంటుంది. కొన గుండ్రంగా ఉంది. గుండె పిండుకున్నప్పుడల్లా ఆ గుండ్రం అడుగుభాగం వైపు ఎగిరి వస్తోంది.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఎగురుతూనే ఉంది. రిజిస్టరులో ఉన్న రోగి అయితే సాయంత్రం ఆరింటికి పెద్ద డాక్టరు గ్లాసు కింద పెట్టి, "రేపు మళ్లీ పిలువు" అనేవాడు.

రేడియోలోంచి అన్న గొంతు వస్తోంది. "అయితే మిషన్ బాగానే పనిచేస్తోంది. ఏదీ, చూడనీ." మంచం కిర్రుమంది. ఆయన తెర చూడాలని అంచుకు జరిగాడు. రొమ్ము మంచం బయటికి వచ్చింది. ఆమె చెయ్యి ఒక ఎముక కిందికి జారింది. తెర మీద బొమ్మ చెదిరి, కుదురుకుంది. గుండె పొడుగైంది. కొన నిలబడింది.

కొన దగ్గర రెండు గోడలూ బలిసి దగ్గరికి వచ్చాయి. మధ్య ఖాళీ ఇస్పేటు ఆసులా సన్నబడి మొనదేలింది. పిండుకున్నప్పుడు ఆ ఖాళీ కూడా లేదు. ఒకటి, రెండు, మూడు. ఏడు సార్లు కొట్టుకుంది.

"కదలకు అన్నా, బొమ్మ పోతోంది. వెనక్కి జరుగు."

ఆయన చెల్లెలి మాట విని వెనక్కి జరిగాడు. కొన మళ్లీ గుండ్రంగా, ఎగురుతూ వచ్చింది.

ఆమె టేపును వెనక్కి తిప్పి ఆ ఏడు సార్ల దగ్గర ఆపింది. ఆగిన బొమ్మ మీద ఒక తెల్ల గీత వణుకుతోంది. తెర పక్కన సెంటీమీటర్ల చుక్కలున్నాయి. వంటింట్లోంచి స్కేలు తెచ్చి టీవీకి ఆనించి, చుక్కలతో పోల్చి కొలిచింది. కొన దగ్గర గోడ పంతొమ్మిది మిల్లీమీటర్లు. మళ్లీ కొలిచింది. పద్దెనిమిది, కాదంటే పంతొమ్మిది. అంతకంటే తగ్గలేదు.

ఈ జబ్బు ఇంటి జబ్బు. తండ్రికి ఉంటే బిడ్డకు రావడానికి సగానికి సగం వీలుంది.

బల్ల మీద కాగితం ఉంది. తేదీ వేసి ఉంది. సంతకం పెడితే ఈ టేపు సంగతి అడిగేవాళ్లు లేరు. పెద్ద డాక్టరు లేడు, క్లినిక్ లేదు, మంచం ఏమైందో తెలియదు. వదినతో ఇన్నేళ్ల రాకపోకలు చెడవు. పిడుగు నవ్వుతూ శిక్షణకు పోతుంది. మూడో అంతస్తు నిచ్చెన ఎక్కుతుంది, వీపు మీద గాలి సిలిండరుతో.

స్కానమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. చెప్పులేసుకుని బయల్దేరింది.

*

వదిన ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. స్కానమ్మ వెళ్లేసరికి బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీసిన గీత వెంట కోస్తోంది.

"రా. కూర్చో. కుర్చీ మీద గుడ్డలు అటు పడెయ్. సంతకం కోసం అది నీ ప్రాణం తీసిందటగా."

"పిల్లను పంపొద్దు వదినా."

"ఎక్కడికి?"

"శిక్షణకి. ఎమ్మారై అయ్యేదాకా పంపొద్దు. అన్న గుండె నేను సరిగా చూడలేదు. ఇప్పుడు టేపు పెట్టి చూశాను. జబ్బుంది. కొనలో ఉంది. ఆ రోజు నేను కొన దాకా పోలేదు."

కత్తెర ఆగలేదు. వదిన గీత చివరిదాకా కోసి, రెండు ముక్కలూ విడదీసి పెట్టింది.

"ఎందుకు పోలేదు?"

"అంచుకు జరపాలి. నేను కిందికి వంగాలి. టైము పడుతుంది. మనవాడే కదా అనుకున్నాను."

"మనవాడే కదా అని."

"అవును."

"అయితే ఆయన పడి పోలేదా?"

"పోయి పడ్డాడని నాకు అనిపిస్తోంది. చూసినట్టు చెప్పలేను. కానీ అది బాగున్న గుండె కాదు వదినా."

వదిన స్టూలు మీద కూర్చుంది. సుద్ద చేతిలోనే ఉంది.

"ఆ పొద్దున నేను ఆయన్నేమన్నానో నీకు తెలుసా?"

"తెలీదు."

"పిల్లకి కొత్త గౌను వేశాను. రంగు చేతులతో ఎత్తుకున్నాడు. నాలుగు వేళ్లు అచ్చు పడ్డాయి. 'నువ్వింటికి రాకపోయినా మాకు పోయేదేం లేదు, ఈ మరకలైనా తప్పుతాయి' అన్నాను. ఏం మాట్లాడకుండా వెళ్లాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. మనసు ఇక్కడ వదిలేసి నిచ్చెన ఎక్కాడు, అందుకే కాలు జారింది అనుకున్నాను. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు. గుండె బాగుందని నువ్వన్నావు. ఇక మిగిలింది నేనే కదా."

స్కానమ్మ వేరే మాటలకు సిద్ధపడి ఉంది. తిడుతుందనుకుని వచ్చింది. ఇంటికి రావద్దంటుందనుకుంది. ఇది మాత్రం ఆమె అనుకోలేదు. ఆ మధ్యాహ్నం తను చెప్పిన ఒక్క మాట మీద ఇంకో మనిషి ఇన్నేళ్లు ఇలా బతికిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"చెప్పాల్సింది వదినా, నువ్వు."

"ఎవరికి చెప్పను? ఆయన చెల్లెలికా?"

లోపలి గుమ్మం దగ్గర పిడుగు నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. జుట్టు సగం దువ్వి ఉంది.

"ఈ మాట ఇంకో పది రోజులాగి చెప్పుంటే ఏం పోయేది అత్తా?"

"పది రోజులాగితే నువ్వు మూడో అంతస్తులో ఉంటావు."

"ఉంటే ఉంటాను. పోతే పోతాను. నా ఇష్టం."

వదిన కత్తెర బల్ల మీద పెట్టింది. "ఆ మాట" అంది, "ఈ ఇంట్లో ఒకసారి అన్నది చాలు."

*

డాక్టరమ్మ టేపు బొమ్మను మూడుసార్లు చూసింది. స్కానమ్మ దాన్ని ఫోన్‌లో తీసి తీసుకెళ్లింది. డాక్టరమ్మ వెంటనే ఎమ్మారై గదికి ఫోన్ చేసింది. ఆరు వారాల వరస మూడు రోజులైంది.

ఎమ్మారై తీసే అతను పాత మనిషి అని గౌరవించి స్కానమ్మను అద్దం ఇవతల తన పక్కన కూర్చోనిచ్చాడు. అవతల పిడుగును బల్ల మీద పడుకోబెట్టి గొట్టంలోకి పంపారు. చేతికి ఒక సూది తప్ప ఒంటి మీద గాటు లేదు. "ఊపిరి తీసుకోండి. వదలండి. ఆపండి." అతను మైకులో చెబుతుంటే స్కానమ్మ కూడా ఇవతల ఊపిరి ఆపింది. మిషన్ టకటకమని కొట్టి ఆగేది. ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్క కోత.

దానికి పక్కటెముకలు అడ్డం కావు. మోకాళ్లూనక్కర్లేదు. ఎవరినీ అంచుకు జరపక్కర్లేదు. కొన మొదటి బొమ్మలోనే వచ్చింది. గోడల వెలుగు, నెత్తురు వెలుగు వేరువేరుగా, గీత గీసినట్టు ఉన్నాయి. పెద్ద డాక్టరు ఉంటే టీ చల్లారేదాకా చూసేవాడని ఆమెకు అనిపించింది. తర్వాత ఆ ఆలోచన పోయింది. కొన దగ్గర ఖాళీ సన్నగా మొనదేలి ఉంది. అలాంటి మొనను నాలుగు రోజుల కిందట ఆమె ఇంట్లో టీవీ మీద చూసింది.

చేతి సూదిలోంచి మందు ఎక్కించి, పది నిమిషాలు ఆగి, మళ్లీ తీశారు. గుండెలో మచ్చ ఉంటే ఆ మందుకు తెల్లగా వెలుగుతుంది. కొన దగ్గర బియ్యపు గింజంత వెలిగింది. ఎమ్మారై అతను స్కానమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

డాక్టరమ్మ సాయంత్రం చెప్పింది. జబ్బు ఉంది. గోడ పదహారు మిల్లీమీటర్లు. మచ్చ చిన్నది. మందులుంటాయి, ఏడాదికోసారి బొమ్మ తీయాలి, గుండె లయను రెండ్రోజుల పాటు రాసే పెట్టె ఒకటి కట్టుకోవాలి. అవసరమైతే ముందు ముందు లోపల ఒక పరికరం పెడతారు. నడవొచ్చు, పని చేసుకోవచ్చు, ముసలిదయ్యేదాకా బతకొచ్చు. నిచ్చెనలు, పరుగులు, బరువులు మాత్రం వద్దు.

"తెలియకుండా వెళ్లుంటే?" అని వదిన అడిగింది.

"తెలిసింది కదమ్మా" అంది డాక్టరమ్మ. తర్వాత స్కానమ్మ వైపు తిరిగింది. "తోడబుట్టినవాళ్లు కూడా చూపించుకోవాలి. మీరెప్పుడైనా తీయించుకున్నారా?"

"ముప్పై వేల గుండెలు చూశాను."

"మీది?"

స్కానమ్మ నేర్చుకునేటప్పుడు పెద్ద డాక్టరు గుండె చూసింది, నేర్చుకున్నాక ఊరందరి గుండెలు చూసింది. తన మంచం మీద తను ఎప్పుడూ పడుకోలేదు.

పిడుగు ఆ రోజు అత్తతో ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. తర్వాత ఐదు వారాలు రాలేదు. వదిన ఫోన్ చేసి సంగతులు చెబుతుండేది. మాత్రలు వేసుకుంటోంది. మొన్న రాత్రి ఏడ్చింది. తోటివాళ్లు శిక్షణ బట్టల్లో ఫొటోలు పంపితే ఫోన్ మంచం మీద విసిరేసింది. "నీ మీద కోపం లేదు. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక నీ మీద పెట్టుకుంది" అంది వదిన. ఇదివరకు వదిన నెలకోసారి ఫోన్ చేసేది. ఇప్పుడు రెండ్రోజులకోసారి చేస్తోంది. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా అన్న గురించి ఏదో ఒకటి అడిగి పెట్టేసేది. పెళ్లికి ముందు ఆయన మీసం ఎలా ఉండేదని ఒక రోజు అడిగింది.

ఆరో వారం ఒక పొద్దున తలుపు చప్పుడైంది. పిడుగు.

"చెప్పులేసుకో. పదింటికి నీకు స్కానింగ్."

"నాకా? ఎవరు రాయించారు?"

"నేనే. రిజిస్టరులో రాయించాను. ఈసీజీ కూడా ఉంది."

"నాకేం లేదే. అరవై దాటాక ఇప్పుడెందుకు..."

"అత్తా, నా దగ్గర అలాంటి మాటలు చెల్లవు. నాకూ ఏం లేదు అప్పుడు. పద."

మెట్లు దిగేటప్పుడు పిడుగు ముందు దిగలేదు. అత్త మోకాళ్ల వేగానికి తగ్గట్టు ఒక్కొక్క మెట్టు దిగింది. రెండో మలుపు దగ్గర చెప్పింది, ఫైర్ సర్వీస్ వాళ్ల ఫోన్ల గదికి దరఖాస్తు పెట్టానని. "నిచ్చెన వాళ్లెక్కుతారు. ఎక్కడికెక్కాలో నేను చెబుతాను."

"నీ మాట వింటారా?"

"వినకపోతే వాళ్ల ఖర్మ, కాలిపోతారు."

ఆసుపత్రిలో స్కానింగ్ తీసే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ఎడమ పక్కకి తిరగమని చెప్పబోయేలోపే స్కానమ్మ తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని, రొమ్ము మంచంలో కోసిన ఖాళీ మీదికి వచ్చేలా జరిగింది. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది.

"బాగా తెలిసినట్టుందే అమ్మమ్మా."

"అమ్మమ్మేంటి? పని చూడు."

"కొంచెం చల్లగా ఉంటుంది" అని ఆ అమ్మాయి జెల్లీ రాసింది.

స్కానమ్మ ఉలిక్కిపడింది. ఊపిరి బిగబట్టి, మంచం అంచు పట్టుకుంది. ముప్పై వేల మందితో అదే మాట, అదే గొంతుతో చెప్పింది.

"అమ్మో! ఇది కొంచెమా?"

గోడ పక్కన నిలబడ్డ పిడుగు ముందు నోరు మూసుకుంది. తర్వాత ఆపుకోలేకపోయింది. స్కానింగ్ అమ్మాయి చెయ్యి ఆపి చూస్తుంటే, ఐదు వారాల తర్వాత మొదటిసారి, గది బయటికి వినిపించేలా నవ్వింది.

"నవ్వింది చాలు" అంది స్కానమ్మ ఎడమ పక్కకి తిరిగే ఉండి. "వచ్చి నా చెయ్యి పట్టుకో. చలేస్తోంది."